లీటరుకు మూడు రూపాయలు: తిరుత్తణి నుంచి ఆవిన్ ఎండీకి ఒక బహిరంగ లేఖ



2021 మే 7న తమిళనాడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఎం.కె. స్టాలిన్ అయిదు ఉత్తర్వుల మీద సంతకాలు పెట్టారు. అందులో ఒకటి రాష్ట్ర సహకార పాల సంస్థ అయిన మీ ఆవిన్ పాల ధరను లీటరుకు మూడు రూపాయలు తగ్గించేది. మే 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. టోన్డ్ పాలు 43 నుంచి 40కి, స్టాండర్డైజ్డ్ పాలు 47 నుంచి 44కి, ఫుల్ క్రీమ్ 51 నుంచి 48కి దిగాయి. అంతకు రెండేళ్లు నిండకముందే, 2019 ఆగస్టులో, లీటరు మీద ఆరు రూపాయలు పెంచి ఉన్నారు. కాబట్టి పెంచినదాంట్లో సగం వెనక్కి వచ్చినట్టయింది.

ఆ మూడు రూపాయల చుట్టూ రాజకీయంగా చాలా మాటలు నడిచాయి. ఈ లేఖ వాటి జోలికి పోదు. ఇందులో చర్చించేది ఒక్కటే ప్రశ్న: ఒక పాకెట్టు ధర తగ్గితే దాని పక్కనున్న పాకెట్టు అమ్మకం ఎంత పడిపోతుంది? అర్థశాస్త్రం పుస్తకాల్లో దీన్ని క్రాస్ ఎలాస్టిసిటీ అంటారు. కాఫీ ధర తగ్గితే టీ తాగేవాళ్లలో కొందరు కాఫీకి మళ్లుతారని అక్కడ ఉదాహరణ ఇస్తారు. తిరువళ్లూరు, తిరుత్తణి కొట్లలో మాత్రం ఈ లెక్క అంత సూటిగా నడవదు. ఎందుకు నడవదో తెలిస్తే మీరు ఈసారి ధర మార్చేటప్పుడు పనికొస్తుంది.

తెలుగులో ఎందుకు రాస్తున్నారన్న అనుమానం మీకు రాకపోవచ్చు గానీ, మీ కార్యాలయంలో ఎవరికైనా రావచ్చు. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉంది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు, దాని వెనక వచ్చిన సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం ఆ రోజు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఊళ్లు ఇటు మారాయి, ఇళ్లలో మాట మారలేదు. పళ్లిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె.పేట వైపు నేటికీ తెలుగిళ్లు ఎన్నో. పాల వ్యాపారం కూడా ఆ గీతను పెద్దగా పట్టించుకోలేదు. ఇక్కడ మీతో పోటీ పడే పాకెట్ల మీది పేర్లే చూడండి. తిరుమల డెయిరీ ఆంధ్రలో పుట్టి 2014లో ఫ్రాన్సుకు చెందిన లాక్టాలిస్ చేతికి వెళ్లింది. దొడ్లది నెల్లూరు. హెరిటేజ్‌ను 1992లో చంద్రబాబు నాయుడు స్థాపించారు. వీటికి తోడు తమిళనాడు సొంత బిడ్డ హట్సన్ వాళ్ల ఆరోక్య. అంటే తిరుత్తణి కొట్టువాడి ఫ్రిజ్జులో రెండు రాష్ట్రాల డెయిరీలు రోజూ తెల్లవారుజామున తలపడుతుంటాయి.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. మన దగ్గర పాలు కొనేది ఎక్కువగా అర లీటరు పాకెట్టుగా. లీటరు మీద మూడు తగ్గితే పాకెట్టు మీద తగ్గేది రూపాయిన్నర. అంతకుముందు నీలం పాకెట్టు (టోన్డ్) అర లీటరు ధర 21.50. ఆకుపచ్చది (స్టాండర్డైజ్డ్) 23.50, నారింజది (ఫుల్ క్రీమ్) 25.50. అర్ధ రూపాయి బిళ్ల చెలామణిలో లేకుండా పోయి ఎన్నాళ్లో అయింది. ఒక్క పాకెట్టు కొనేవాళ్ల దగ్గర ఆ అర్ధ రూపాయి ఎవరి జేబులోకి వెళ్లేదో వేరే చెప్పాలా! ధర తగ్గాక అవి 20, 22, 24 అయ్యాయి. చిల్లర గొడవ తీరింది. ఈ ఒక్క పనికే మీ సంస్థకు దండం పెట్టొచ్చు.

కానీ అదే కౌంటరు దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. చాలా కొట్లలో ముద్రించిన ధర మీద రూపాయి కలిపి అడుగుతారు. అదేమంటే "ఫ్రిజ్జులో పెట్టినందుకు" అంటారు. కరెంటు బిల్లు, కారిపోయిన పాకెట్లు, సాయంత్రానికి మిగిలిపోయినవి, ఇవన్నీ ఆ రూపాయిలోనే సర్దుకోవాలన్నది కొట్టువాడి వాదన. వాడిదంతా అబద్ధమని కొట్టిపారేయలేం. ఆవిన్ అమ్మితే మిగిలే కమీషన్ తక్కువ, ప్రైవేటు పాకెట్టు అమ్మితే మిగిలేది ఎక్కువ అని పాల ఏజెంట్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. రూపాయిన్నర తగ్గింపులో రూపాయి ఇక్కడే ఆగిపోతే, కొనేవాడికి దక్కేది అర్ధ రూపాయి. అర్ధ రూపాయి కోసం ఏ ఇల్లాలూ పాల బ్రాండు మార్చదు.

ఎందుకు మార్చదంటే, పాలు సబ్బు లాంటివి కావు. పొద్దున అయిదున్నరకు పాలగిన్నె పొయ్యి మీద పెట్టే మనిషికి కావలసింది నిన్నటిలాగే ఇవాళా ఉండడం. మీగడ అంతే మందాన కట్టాలి, రాత్రి తోడు వేస్తే పెరుగు పొద్దుటికి గట్టిగా పేరాలి, డికాక్షన్‌లో కలిపితే కాఫీ రంగు మారకూడదు. టోన్డ్ పాలలో 3 శాతం కొవ్వు, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6 అని ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతాయి. ఆ అంకెలు తెలియకపోయినా ఇల్లాళ్లకు రంగులు తెలుసు: నీలం, ఆకుపచ్చ, నారింజ. పసిపిల్లలున్న ఇంట్లో ఒకటి, పెరుగు ఎక్కువగా వాడే ఇంట్లో ఇంకొకటి. ధర తగ్గితే ఆ ఇల్లు మరో పాకెట్టు వైపు వారంపాటు చూస్తుంది. వారంలో ఒక్కరోజు పాలు విరిగినా, ఒక్కరోజు కొట్లో దొరక్కపోయినా మళ్లీ పాత బ్రాండుకే పోతుంది.

2023లో మీ సంస్థే ఈ సంగతిని తలకిందులు చేసి చూపించింది. ఆకుపచ్చ పాకెట్టులోని 4.5 శాతం కొవ్వు పాల స్థానంలో 3.5 శాతం కొవ్వున్న 'డిలైట్' ఊదారంగు పాకెట్టును ముందుకు తెచ్చారు. విటమిన్ ఏ, డీ కలిపామన్నారు, బాగానే ఉంది. ధర మాత్రం అదే 44. ముద్రించిన అంకె కదల్లేదు, వెన్న తగ్గింది. పెరుగు పలచబడిన ఇంట్లో దీన్ని ధర పెరగడం అనే అంటారు. అంటే ఒక్క రూపాయి కూడా పెంచకుండానే పక్కనున్న 4.5 శాతం ప్రైవేటు పాకెట్టుకు గిరాకీ పెంచే పని మీ చేతుల్లోనే జరిగింది.

ఇళ్ల సంగతి ఇలా ఉంటే టీ కొట్ల సంగతి వేరు. అక్కడ ధర నిజంగానే గిరాకీని లాక్కొస్తుంది. పొదటూరుపేట వైపు మరమగ్గాల ఊళ్లలో టీ కొట్టు పొద్దున్నే మొదలుపెడితే రాత్రిదాకా పాలు మరుగుతూనే ఉంటాయి. 2022లో ప్రైవేటు డెయిరీలు ధరలు పెంచుకుంటూ పోయాయి. వాళ్ల ఫుల్ క్రీమ్ లీటరు 70 రూపాయల దాకా వెళ్లినప్పుడు మీ నారింజ పాకెట్టు 48 దగ్గరే ఉంది. లీటరుకు ఇరవైకి పైగా తేడా! రోజుకు ఇరవై లీటర్లు మరిగించే కొట్టుకు అది నాలుగు వందల రూపాయలకు పైమాట. టీ కొట్టుకు పెరుగు పేరడంతో పనిలేదు, మీగడ మందంతో అంత పని లేదు. హోటళ్లు, మిఠాయి కొట్లు, టీ కొట్లు నారింజ పాకెట్ల మీద పడతాయని చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

2022 నవంబరు 5 నుంచి మీరు ఆ నారింజ పాకెట్టు ధరను లీటరుకు ఒకేసారి పన్నెండు రూపాయలు పెంచి 60 చేశారు. నెలవారీ కార్డు ఉన్నవాళ్లకు మాత్రం పాత 46కే ఇస్తామన్నారు. ఈ పాకెట్టును వ్యాపార సంస్థలే ఎక్కువగా కొంటున్నాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అప్పుడు పాడి శాఖ మంత్రిగా ఉన్న ఎస్.ఎం. నాసర్ మన తిరువళ్లూరు జిల్లాలోని ఆవడి నుంచి గెలిచినవారే. ఆ నిర్ణయంలో తెలివి ఉంది, ఒప్పుకోవలసిందే. ఇంటికి ఒక ధర, అంగడికి ఒక ధర అన్నది సరైన ఆలోచన. చిక్కంతా కార్డు ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే. నెలవారీ కార్డు చెన్నై నగరంలో అలవాటైనంతగా పళ్లిపట్టు వీధిలో అలవాటు కాలేదు. కార్డు లేని కుటుంబం టీ కొట్టు లెక్కలోకి పోయింది. పల్లెలో ఒక లీటరు నారింజ పాలు కొనుక్కునే ముసలామెను మిఠాయి కొట్టు యజమానితో జమకట్టడం ఏ లెక్కన న్యాయమో మీరే చెప్పాలి.

ఇదంతా కొనేవైపు కథ. అసలు ముడి రైతు పాలు పోసేవైపు ఉంది. ఈ లేఖలో ఎక్కువ చోటు దానికే ఇవ్వాలి.

మూడు రూపాయలు తగ్గించినప్పుడు రోజుకు పాతిక లక్షల లీటర్ల అమ్మకం అనుకున్నా ఏడాదికి 270 కోట్లకు పైగా ఆదాయం తెగిపోతుంది. ఆ మేరకు ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోవాలి. రైతుకు ఇచ్చే సేకరణ ధరను 2019 ఆగస్టులో ఆవు పాలకు 32, గేదె పాలకు 41 రూపాయలుగా నిర్ణయించారు, అది 2022 నవంబరు దాకా మూడేళ్లు కదల్లేదు. ఆ మూడేళ్లలో తవుడు, చెక్క, దాణా ధరలు ఏ దారిన పోయాయో పశువు ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. 2022లో పశువులకు ముద్దచర్మ వ్యాధి కూడా తగులుకుంది. చివరికి ధర పెంచినప్పుడు కూడా మూడే రూపాయలు: 35, 44. ప్రైవేటు సేకరణ బండ్లు అంతకంటే ఎక్కువ ఇచ్చి వాకిట్లోనే పాలు కొలుచుకుని పోతుంటే, ఆవిన్ సొసైటీకి పోసే రైతు ఎన్నాళ్లు ఆగుతాడు? 2023 మార్చిలో పాల ఉత్పత్తిదారులు లీటరుకు ఏడు రూపాయలు పెంచమని రోడ్డెక్కారు, సరఫరా ఆపుతామన్నారు. డబ్బులు ఆలస్యంగా పడుతున్నాయన్నది దీనికి తోడు వాళ్ల పాత ఫిర్యాదు.

ఇక్కడే పుస్తకం లెక్క తిరగబడింది. ఆవిన్ ధర తగ్గింది కాబట్టి ఆవిన్ గిరాకీ పెరగాలి, ప్రైవేటు గిరాకీ తగ్గాలి. గిరాకీ పెరిగిన మాట నిజమే. అయితే గిరాకీ పెరిగిన చోటే సరుకు సన్నగిల్లింది. తెల్లారి కొట్టుకు వచ్చిన ట్రేలు ఆరున్నరకల్లా ఖాళీ అయితే ఏడింటికి వచ్చినవాళ్లకు వినిపించేది ఒక్కటే మాట: "ఆవిన్ అయిపోయిందక్కా, వేరేది ఇవ్వనా?" అక్క వేరేదే తీసుకుంటుంది. పిల్లాడు బడికి పోవాలి, ఆమె ఏం చేస్తుంది! అలా చవక పాకెట్టు కోసం వచ్చిన మనిషికి ఖరీదైన పాకెట్టు అమ్ముడవుతుంది. పోటీదారు ఒక్క పైసా తగ్గించకుండా మీ తగ్గింపు వల్ల లాభపడినట్టే.

పాల సేకరణలో పోటీ ఎంత పదునెక్కిందో ముఖ్యమంత్రి కార్యాలయానికి మనకంటే ముందే తెలిసింది. 2023 మే 25న స్టాలిన్ కేంద్ర మంత్రి అమిత్ షాకు ఉత్తరం రాశారు. కృష్ణగిరి జిల్లాలో శీతలీకరణ కేంద్రాలు పెట్టిన అమూల్, అక్కడితో ఆగకుండా ధర్మపురి, వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు, కాంచీపురం, తిరువళ్లూరు జిల్లాల్లో పాలు సేకరించబోతోందని, దాన్ని ఆపించాలని అందులో కోరారు. ఆవిన్ కింద 9,673 సొసైటీలు, దాదాపు నాలుగున్నర లక్షల మంది పాలు పోసే సభ్యులు, రోజుకు 35 లక్షల లీటర్ల సేకరణ ఉన్నాయని ఆ ఉత్తరమే చెప్పింది. ఒక సహకార సంస్థ ప్రాంతంలోకి ఇంకొకటి చొరబడకూడదన్నది దానిలోని వాదన. సహకార ధర్మం ప్రకారం అది సమంజసమే కావచ్చు. పాలు పోసే రైతు వైపు నుంచి చూస్తే మాత్రం కొనేవాడు ఇంకొకడు వస్తే నష్టమేమిటని అనిపిస్తుంది.

సరిహద్దు అవతల ఆ ప్రయోగం అప్పటికే నడుస్తోంది. 2020 డిసెంబరు 2న జగన్ ప్రభుత్వం చిత్తూరు, కడప, ప్రకాశం జిల్లాల్లో అమూల్‌తో కలిసి పాల వెల్లువ పథకం మొదలుపెట్టింది. అమూల్ రావడంతో ప్రైవేటు డెయిరీలు కూడా రైతుకు ధర పెంచక తప్పలేదని ఆ ప్రభుత్వం పదేపదే చెప్పుకుంది. అందులో ప్రచారం పాలు ఎన్నో, నీళ్లు ఎన్నో ఎవరి లెక్క వారిది. కానీ అవతలి నగరిలో ఏం ధర పలుకుతోందో పొద్దెక్కకముందే పళ్లిపట్టులో తెలిసిపోతుంది. ఫోన్లున్నాయి, చుట్టరికాలున్నాయి. మీ సేకరణ ధర చెన్నైలో నిర్ణయమైనా దాన్ని తూచేది ఇక్కడ, నగరి ధర పక్కన పెట్టి.

2023 డిసెంబరు 18 నుంచి మీరు రైతుకు లీటరుకు మూడు రూపాయల ప్రోత్సాహకం ఇచ్చారు. ఆవు పాలు 38కి, గేదె పాలు 47కి చేరాయి. అమ్మకం ధరలో తగ్గించిన మూడు రూపాయలూ, రైతుకు కలిపిన ఈ మూడు రూపాయలూ ఒకే రోజు, ఒకే ఉత్తర్వులో వచ్చి ఉంటే కథ ఎలా నడిచేదో ఊహించుకోవచ్చు. మధ్యలో రెండున్నరేళ్లు పోయాయి. ఆ రెండున్నరేళ్లలో ప్రైవేటుకు పోయడం అలవాటైన రైతును వెనక్కి పిలవడం పాకెట్టు ధర తగ్గించినంత సులువు కాదు. 2020 లాక్‌డౌన్‌లో హోటళ్లు మూతపడి ప్రైవేటు డెయిరీలు సేకరణ తగ్గించుకున్నప్పుడు ఆ రైతును ఆదుకున్నది సొసైటీయే. ఆ రుణం రైతుకు గుర్తుండదని కాదు. గుర్తున్నంత మాత్రాన దాణా కొట్లో అప్పు తీరదు.

ధర తగ్గింపు పోటీదారును నిజంగా కూల్చేసిన సందర్భాలు లేకపోలేదు. 2016 సెప్టెంబరు 5న జియో ఉచితంగా మొదలైంది. 170 రోజుల్లో పదికోట్ల మంది చేరారు. తమిళనాడులో పుట్టిన ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరిలో దివాలా దరఖాస్తు పెట్టుకుంది. నెంబరును వేరే కంపెనీకి మార్చుకోవడానికి కావలసిన కోడు కోసం తమిళనాడు వినియోగదారులు నానా తంటాలు పడ్డారు. అక్కడ అది ఎందుకు సాధ్యమైందంటే, సిమ్ము అడిగినవాడికి అడిగిన రోజే దొరికింది. టవర్లు ముందే నిలబెట్టుకుని ధర తర్వాత తగ్గించారు. గేదెను అలా ముందే నిలబెట్టుకోలేం. ఇవాళ పుట్టిన పెయ్య పాలిచ్చేసరికి మూడేళ్లకు పైనే పడుతుంది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే స్టాలిన్ ప్రభుత్వానిదే ఇంకొకటి ఉంది. పాల ఉత్తర్వు పెట్టిన రోజే సంతకమైన మరో ఉత్తర్వుతో సాధారణ ఛార్జీల టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా పోయింది. ధర ఏకంగా సున్నా. దానికి పోటీ షేర్ ఆటో. బస్సు తరచుగా తిరిగే దారిలో ఆటోవాడి గిరాకీ పడిపోతుంది. గంటకొక బస్సు కూడా లేని పల్లె దారిలో అదే ఆడమనిషి కూలికి ఆలస్యమవుతుందని పది, ఇరవై పెట్టి ఆటో ఎక్కుతుంది. అక్కడ సున్నా ధర కూడా ఓడిపోయింది, బస్సు రాలేదు గనక.

అందరికీ ఒకేసారి ధర తగ్గితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, ప్యాక్ చేసిన పనీర్ మీద పూర్తిగా పోయింది. అది అన్ని బ్రాండ్లకూ వర్తించింది కాబట్టి పోటీలో ఎవరి స్థానమూ దానివల్ల మారనక్కర్లేదు. పండక్కి నెయ్యి కొంచెం ఎక్కువ కొంటారేమో, అంతే. రోజువారీ పాల పాకెట్టు మీద ముందునుంచీ పన్ను లేదు. అందుకే అక్కడ తగ్గింపు అంటే భారం పడేది ఎప్పుడూ మీ సంస్థ మీదా, రైతు మీదా. అమూల్ వాళ్లు 2025 జనవరిలో లీటరు పాకెట్ల మీద మాత్రమే ఒక రూపాయి తగ్గించారు, అర లీటరు జోలికి పోలేదు. తగ్గించినట్టూ ఉంటుంది, పెద్ద పాకెట్టు అలవాటు చేసినట్టూ ఉంటుంది. వ్యాపారస్తుల లెక్క అలా ఉంటుంది.

మీ ముందు పెట్టే కోరికలు పెద్దవి కావు. అమ్మకం ధర ఈసారి తగ్గించినా, పెంచినా సేకరణ ధర మీద నిర్ణయం అదే ఉత్తర్వులో ఉండనివ్వండి. రైతుకు డబ్బు ఏ తేదీన పడుతుందో ప్రతి సొసైటీ గోడ మీదా రాయించండి, పళ్లిపట్టు వైపు తెలుగులో కూడా. కొట్టువాడి కమీషన్ ప్రైవేటు ఇచ్చేదానికి దగ్గరగా తెచ్చి, ఆ తర్వాత ముద్రించిన ధర మీద రూపాయి వసూలు చేస్తే ఏజెన్సీ రద్దు చేయండి. ముందు రెండోది చేసి మొదటిది మరిచిపోతే మీ పాకెట్లు కొట్లోంచే మాయమవుతాయి. కార్డు ధరను రేషన్ కార్డుకు ముడిపెట్టి తాలూకా ఊళ్లకు తెస్తే, ఇంటి పాలకూ అంగడి పాలకూ తేడా చూపిన 2022 నాటి ఆలోచన అప్పుడు పూర్తవుతుంది.

ఇదంతా పని చేస్తుందో లేదో చూడాలంటే ఆడి కృత్తిక కంటే మంచి రోజు లేదు. కావళ్లూ పాలకుండలూ ఎత్తుకుని తిరుత్తణి కొండ మెట్లెక్కే జనానికి ఆ రెండు మూడు రోజుల్లో కావలసిన పాలు మామూలు రోజుల లెక్కకు అందవు. తిరువళ్లూరు పక్కన కాక్కలూరులోనే మీ డెయిరీ ఉంది. ఈసారి కృత్తికకు ముందురోజు రాత్రి అక్కడినుంచి కొండకింది కొట్లకు ఎన్ని ట్రేలు బయల్దేరాయో, తెల్లారి ఎన్నింటికి ఖాళీ అయ్యాయో మీ అధికారులచేత రాయించి, ఆ కాగితం తరువాతి ధరల సమావేశంలో బల్ల మీద పెట్టించండి.

ఇట్లు,
తిరుత్తణి నుంచి ఒక పాల ఖాతాదారు